కారుకి పెట్టిన బొట్టు

తెల్లారేసరికి కోటమ్మ రేవు నుంచి పీతలు తెచ్చేసింది. గుడివాడలో ఎంత వెతికినా చెరువు చేపలే గాని సముద్రపు పీతలు దొరకవు. అక్కడ టిఫిన్ హోటల్ నడుపుకునే అన్నయ్య అప్పయ్యకి నిన్ననే కాలి కట్టు విప్పారు. పీతల పులుసు తింటే ఎముక గట్టిపడుతుందని ఆమె నమ్మకం. గోనెసంచి అడుగున ఐసు, పైన పీతలు, మళ్ళీ ఐసు వేసి మూతి బిగించి, ఎప్పటిలాగే కారులో డ్రైవరు సీటు వెనక్కి దూర్చింది.

"కారుతుందేమో అమ్మా," అన్నాడు శ్రీహరి అద్దాలు తుడుస్తూ.

"కారితే కారనీరా. సముద్రం నీళ్ళేగా, మురుగునీళ్ళా?"

అరుగు మీద వల బాగుచేసుకుంటున్న తండ్రి సూరయ్య నవ్వాడు. "వాళ్ళన్నకి పీతలు పంపకపోతే మీ అమ్మకి అన్నం సయించదురా."

హంసలదీవి పక్కనున్న ఆ ఊళ్ళో కిరాయికి దొరికే కారు శ్రీహరిదొక్కటే. పన్నెండేళ్ళ పాతది. పెళ్ళిళ్ళకీ ఆస్పత్రులకీ అదే తిరుగుతుంది, ఇల్లూ దాని మీదే నడుస్తుంది. సీట్ల మీది పూలపూల కవర్లు కోటమ్మ బందరులో నాలుగు కొట్లు తిరిగి ఏరి తెచ్చినవి.

హారిక నాలుగేళ్ళ తేజస్వినిని ఎత్తుకొచ్చి ముందు సీట్లో కూర్చుంది. హారిక కోటమ్మకి కోడలే కాదు, మేనకోడలు కూడా. అప్పయ్య ఒక్కగానొక్క కూతురు. తండ్రి దగ్గర నాలుగు రోజులు ఉండొద్దామని బయల్దేరింది. మంచు ఇంకా విడలేదు. కారు లోపల చీకటిగానే ఉంది. శ్రీహరి తాళం తిప్పాడు.

"బావా, ఈ బొట్టేంటి, వెలుగుతోంది?"

స్టీరింగు వెనక, మీటర్ల మధ్యన అంటించిన బొట్టుబిళ్ళ అంచుల చుట్టూ ఎర్రటి వెలుగు. హారిక వంగి గోటితో గీరింది. బిళ్ళ ఊడి చేతికొచ్చింది. దాని కింద, ఒళ్ళో బంతి పెట్టుకుని కూర్చున్న మనిషిలాంటి చిన్న ఎర్రబొమ్మ.

"ఏంటిది?"

"ఎయిర్‌బ్యాగ్ లైటు. పాత బండి కదే, ఏదో ఒకటి వెలుగుతూనే ఉంటుంది. ఏం కాదులే."

"ఏం కాదులే అని కాదు బావా. ఇది ఇలా వెలుగుతుంటే, బండి దేనికైనా గుద్దుకున్నప్పుడు ఆ బ్యాగు తెరుచుకుంటుందా, తెరుచుకోదా?"

శ్రీహరి తుడుచుకునే గుడ్డ మడత పెట్టాడు. మళ్ళీ విప్పాడు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"మూడు నెల్ల నుంచి."

"మూడు నెల్లా! పోయిన నెలేగా, దీన్ని ఇలాగే ఒళ్ళో పెట్టుకుని బెజవాడ దాకా వచ్చాను? దారంతా నాతో కబుర్లు చెప్పావు. ఈ మాట ఒక్కటీ చెప్పలేకపోయావా?" ఆమె బిళ్ళని ముందుకి చాపింది. "ఈ బొట్టు ఎవరు పెట్టారు?"

కిటికీ పక్కన నిలబడ్డ కోటమ్మ నోరు తెరవబోయింది.

"నేనే," అన్నాడు శ్రీహరి.

హారిక బిళ్ళకేసి చూసుకుంది. తను పెట్టుకునేవి ఆవగింజంత నల్ల బిళ్ళలు. ఇది రూపాయి కాసంత ఉంది. తలెత్తి ఒక్కసారి అత్త నుదుటికేసి చూసింది. బిళ్ళని ఫోను వెనక అట్టలో దోపుకుని, పిల్లనెత్తుకుని కారు దిగింది.

"ఆ లైటు ఆరేదాకా నేనూ నా పిల్లా ఈ బండి ఎక్కం. బస్సులో వెళ్తాం. తిరిగి రావడం సంగతి తర్వాత చూద్దాం."

"పీతలు..." అంది కోటమ్మ. ఆ మాట ఎందుకొచ్చిందో ఆమెకే తెలీదు.

"మీరే తినండి అత్తా."

ఆమె మలుపు తిరిగేదాకా ముగ్గురూ కదల్లేదు. మలుపులో తేజస్విని వెనక్కి తిరిగి చెయ్యూపింది. చెయ్యూపడానికి కోటమ్మకి చెయ్యి లేవలేదు.

మూడు నెలల కిందట ఆ లైటు మొదటిసారి వెలిగినప్పుడు, పెద్ద షెడ్డులో ఎవరో బండి సరిగ్గా విప్పి చూడకుండానే ఎయిర్‌బ్యాగ్ సెట్టు మొత్తం మార్చాలి, నలభై వేలవుతుంది అన్నారు. ఆ రోజు శ్రీహరి అన్నం సగంలో లేచిపోయాడు. "హారికకి తెలిస్తే హడలిపోతుందమ్మా," అన్నాడు. హారిక ఏ చిన్నదానికైనా రాత్రంతా మేలుకుని కూర్చునే మనిషి. మర్నాడు శుక్రవారం కారుకి పసుపూ కుంకుమా పెడుతూ, కోటమ్మ తన నుదుటి బిళ్ళ తీసి ఆ లైటు మీద అంటించింది. కార్లకి బొట్టు పెట్టడం కొత్తేమీ కాదు గనక ఎవరికీ అనుమానం రాలేదు. కొడుకూ కోడలూ నిశ్చింతగా ఉంటారనుకుంది. అంతే అనుకుంది.

"నలభై వేలు ఎక్కణ్ణుంచి తేను నాన్నా?" అంటున్నాడు శ్రీహరి. "నేనేమన్నా కావాలని చేశానా?"

సూరయ్య వల పక్కన పెట్టాడు. ఆయన కొడుకుని కసిరింది తక్కువ.

"నలభై ఏళ్ళు సముద్రం మీదకెళ్ళాన్రా. పడవ అడుగున నీళ్ళూరితే పైన చాప పరుచుకుని కూర్చున్నామా ఎప్పుడైనా? ఎక్కడ ఊరుతోందో వెతికేవాళ్ళం. నలభై వేలన్నాడు సరే, ఎక్కడ పోయిందో చెప్పాడా వాడు?"

"చెప్పలేదు."

"మరి చెప్పేవాడి దగ్గరికెళ్ళు. చల్లపల్లిలో బెంజమిన్ లేడూ?"

కోటమ్మ లోపలికెళ్ళి, నుదుటి బిళ్ళ తీసేసి మొహం కడుక్కుంది. అద్దం అంచున వరసగా అంటించిన బొట్టుబిళ్ళలు కనిపించాయి. చెయ్యి చాపి, వెనక్కి తీసుకుంది. అలాగే వచ్చి కారెక్కింది. "నేనూ వస్తాను పద."

బెంజమిన్ ముప్పయ్యేళ్ళుగా కార్ల వైరింగు చేస్తున్నవాడు. శ్రీహరి చెప్పిందంతా విని, చేతిలో పట్టే స్కానరు ఒకటి తెచ్చి తగిలించాడు.

"బ్యాగు జోలికి నేను పోను తమ్ముడూ. దాన్ని తెరిపించే బాక్సు పోయిందని ఇందులో వస్తే కంపెనీవాళ్ళ దగ్గరికే పంపిస్తాను. అది ఆటలాడే వస్తువు కాదు." స్కానరు తెరకేసి కళ్ళు చికిలించి చూశాడు. "బాక్సు బానే ఉంది. డ్రైవరు సీటు కింద లైను తెగిందంటోంది."

బ్యాటరీ వైరు తీసేసి, "ఇందులో కరెంటంతా దిగాలి. టీ తాగి రండి," అని పంపించాడు. వాళ్ళు తిరిగొచ్చాక సీటు విప్పాడు. కింద పసుపురంగు తొడుగున్న వైరు, దాని చివర వైర్లని కలిపే వేలెడంత కప్లరు. కప్లరు నిండా ఆకుపచ్చటి చిలుము పేరుకుపోయి ఉంది. బెంజమిన్ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఏంటక్కా, పీతలా, రొయ్యలా?"

కోటమ్మ నవ్వలేకపోయింది. అప్పటికే పొద్దుటి సంచిలోంచి కారిన నీళ్ళు సన్నగా సీటు కిందికి పాకుతున్నాయి.

"వానలో తడిస్తే ఆరిపోతుంది. ఉప్పునీళ్ళు ఇనుమునీ రాగినీ తినేస్తాయి. నీకు తెలీందా అక్కా? నీ కుడి హెడ్‌లైటు గుడ్డిగా వెలుగుతోంది చూడు తమ్ముడూ, అదీ ఇంతే. సముద్రం గాలికి ఎర్త్ వైరు తుప్పు పట్టింది."

మూడు నెలలు కొడుకు అన్నం సయించకుండా తిరగడం, పొద్దున కోడలు పిల్లనెత్తుకుని నడిచి వెళ్ళిపోవడం, అన్నీ ఆ సంచి దగ్గరికే వచ్చాయి. ప్రేమగా పంపిన పీతలు. కోటమ్మ షెడ్డు గోడకి ఆనుకుని కూలబడింది. కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"అమ్మా, ఊరుకో," అన్నాడు శ్రీహరి. "నేనూ చూస్తూనే ఉన్నాగా, ఒక్కసారన్నా ఆపానా?"

బెంజమిన్ కప్లరు మార్చాడు, ఎర్త్ వైరు గీకి బిగించాడు, స్కానరుతో మళ్ళీ చూశాడు. వెనక సీటు పూల కవరులోకి చెయ్యి దూర్చి రెండు బెల్టు క్లిప్పులు పైకి లాగాడు. "ఇవి కవరు కింద పూడ్చిపెట్టారేంటి? దీనికి పైసా ఖర్చు లేదు. పిల్లని ముందు ఒళ్ళో కూర్చోబెట్టుకోవద్దు. వెనక, చిన్నపిల్లల సీటు ఒకటి కొని అందులో కూర్చోబెట్టండి. పాతదైనా పర్లేదంటే మా మనవడిది అటక మీదుంది, పట్టుకెళ్ళండి." మొత్తం రెండు వేల ఎనిమిది వందలయింది. శ్రీహరి ఆ మాట రెండుసార్లు అడిగి చెప్పించుకున్నాడు. వెళ్ళేటప్పుడు బెంజమిన్ మూతున్న పెయింటు బకెట్టు ఒకటి కోటమ్మకిచ్చాడు. "ఇకనుంచి మీ అన్నగారికి ఇందులో పంపించక్కా."

గుడివాడ చేరేసరికి మూడయింది. హోటలు వెనకే ఇల్లు. వదిన ఎదురొచ్చి, కోటమ్మ మొహం చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"అదేంటి వదినా, బొట్టు లేకుండా వచ్చావు? అన్నయ్యగారు బానే ఉన్నారా?"

"ఆయనకేం, రాయిలా ఉన్నాడు." కోటమ్మ చెప్పులు కూడా విప్పలేదు. మంచం మీద అన్నయ్యా, అతని కాళ్ళ దగ్గర హారికా ఉన్నారు. "హారికా, ఆ బొట్టు నేను పెట్టానమ్మా. వాడు కాదు. లైటు పాడయిందీ నా వల్లే. నా పీతల నీళ్ళ వల్ల. చల్లపల్లి బెంజమిన్ విప్పి చూపించి బాగుచేశాడు. నువ్వు హడలిపోతావని కప్పెట్టాను. నీ పిల్లనీ నిన్నూ ఆ బండిలో కూర్చోబెట్టి ఊరంతా తిప్పించాను."

"బొట్టు మీదేనని పొద్దున్నే తెలుసత్తా," అంది హారిక. "మీ నుదుటి మీద చూస్తూ పెరిగినదాన్ని, పోల్చుకోలేనా? నాకు లైటు పాడైనందుకు కోపం రాలేదు. మీరిద్దరూ కలిసి నన్ను బయట నిలబెట్టారు. భయపడాల్సిన దానికి నన్ను భయపడనివ్వరా? ముగ్గురం కలిసి భయపడితే మూడు నెల్ల కిందటే బెంజమిన్ దగ్గరికి వెళ్ళేవాళ్ళం కదా?"

గుమ్మం దగ్గర శ్రీహరి తలొంచుకున్నాడు. "ఇంక దాచనే."

"ఊరికే అనకు."

"ఊరికే కాదు."

అప్పయ్య గొంతు సవరించుకున్నాడు. "ఇంతకీ పీతలు తెచ్చారా, లేదా?"

హారిక మొహం పక్కకి తిప్పుకుంది గాని నవ్వు ఆగలేదు.

నాలుగు రోజులకి శ్రీహరితో పాటు కోటమ్మ కూడా వాళ్ళని తీసుకెళ్ళడానికి వచ్చింది. తేజస్విని బెంజమిన్ మనవడి సీటులో మహారాణిలా కూర్చుంది. పక్కన కోటమ్మ బెల్టుతో తంటాలు పడుతోంది. హారిక వెనక తలుపు తీసి, వంగి, క్లిప్పు టక్కున బిగించింది. లేవబోతూ అత్త నుదుటికేసి చూసింది. ఇవాళ కుంకుమ చుక్క ఉంది గాని బిళ్ళ లేదు.

"మీ బిళ్ళలేమయ్యాయత్తా?"

"వాటికేసి చూడబుద్ధి కావట్లేదే."

హారిక ఫోను అట్టలోంచి ఆ బిళ్ళ తీసింది. కుంకుమ చుక్క మీదే అంటించింది. జిగురు పోయింది, జారిపోయింది. మళ్ళీ పెట్టి బొటనవేలితో నొక్కి పట్టుకుంది.

శ్రీహరి తాళం తిప్పాడు. ఒళ్ళో బంతి పెట్టుకున్న బొమ్మ ఎర్రగా వెలిగింది. హారిక వెన్ను బిగిసింది.

"భయపడకు, అది ముందు వెలగాలిట," అంది కోటమ్మ. "వెలిగి ఆరితేనే బాగున్నట్టు. బెంజమిన్ చెప్పాడు. ఒకటి... రెండు... మూడు..."

"నాలుగు, అయిదు," అంది తేజస్విని.

లైటు ఆరిపోయింది. హారిక మాత్రం అత్త నుదుటి మీంచి వేలు తియ్యలేదు.