రెండు క్యాన్ల టార్క్

చింతామణిలో మా గ్యారేజ్ షట్టర్ సగం ఎత్తానో లేదో, దాని కింద రెండు బురద చెప్పులు కనిపించాయి. పూర్తిగా ఎత్తితే ఆ చెప్పుల్లో నేత్ర, వెనక వాళ్ళ నాన్న బండి. వానకు తడిసిన జడ, కోపానికి ఎర్రబడిన ముక్కు. నెల రోజులుగా నా కలలోకొచ్చే ముఖమే. కలలో మాత్రం నవ్వేది.

"ఏమప్పా అంబరీష్, మా నాయన బండిని ఏం చేసినావు?"

"బాగుండాదా?" అన్నాను ఆశగా.

"బాగుండాదా? దిన్నె మధ్యలో ఆగిపోయి ఎనక్కి జారె! ఎనిమిది ఇండ్ల పాలు కాలవలో కలిసె!"

వాళ్ళ నాన్న నంజప్పది పాతకాలం సింగిల్ సిలిండర్ బండి. రోజూ పొద్దున చెరో పక్క నలభై లీటర్ల క్యాన్ కట్టుకుని, తోట ఇండ్ల పాలన్నీ దిన్నె మీదుగా బట్లహళ్ళి డైరీకి చేరుస్తాడు. పోయిన వారం దాన్ని సర్వీసుకిచ్చి, ముందురోజు సాయంత్రమే తీసుకెళ్ళాడు. సర్వీసుకిస్తే సర్వీసు చేసివ్వాలి. నేను ప్రేమించాను.

అదెలాగంటే, ఒకరోజు కైవారలో నేత్ర ఆ బండి నడుపుతుంటే చూశాను. అంతే, పడిపోయాను. బండి నా చేతికొచ్చాక ఎవరినీ అడక్కుండా, నా సొంత బండికని దాచుకున్న రేసు కామ్‌షాఫ్ట్, పెద్ద కార్బ్యురేటర్, లావు సైలెన్సర్ దానికి పెట్టేశాను. అంతకంటే పెద్ద కానుక నాకు తెలీదు మరి.

"ఆరువేల ఆర్‌పీఎం కాడ చూడు, ఎట్ల పీకుతాదో!" అన్నాను.

"మా నాయన ఆరువేల ఆర్‌పీఎంలో పాలు మోస్తాడా? మూడో గేరు, ముప్పై స్పీడు. ఎక్కినా అంతే, దిగినా అంతే."

ఆ అమ్మాయి సుద్దముక్క తీసుకుని గోడ మీద రెండు గీతలు గీసింది. ఒకటి మొదట్లోనే పైకి లేచి, చాలాదూరం సమంగా పోయింది. రెండోది చాలాసేపు నేలమీదే పాకి, చివర్లో ఒక్కసారిగా లేచింది.

"ఇది పాత ఇంజన్ లాగే బలం, ఇది నీ ఇంజన్‌ది. ఎడం పక్క నిదానం, కుడి పక్క స్పీడు. నీ కార్బ్యురేటర్ నోరు పెద్దది. నిదానంగా పోయేటప్పుడు గాలికి జోరుండదు, పెట్రోల్ సరిగ్గా కలవదు. నీ కామ్ వాల్వును ఎక్కువసేపు తెరిచి పెడతాది. లోపలికొచ్చింది మళ్ళీ ఎనక్కే పోతాది. స్పీడుంటే అదే మేలు చేస్తాది. మా నాయనకు స్పీడు యాడుండాది? పై స్పీడులో టార్క్, అదే లాగే బలం, పెంచి, కింద తీసేస్తివి."

మొదటి గీత మొదట్లో ఒక చుక్క పెట్టింది. "మా నాయన ఈడ ఉంటాడు." రెండో గీత కొసన ఇంకో చుక్క. "నువ్వు ఆడ ఉండావు."

ఆ అమ్మాయికి ఇంజన్లు నాకంటే బాగా తెలుసు. చిక్కబళ్ళాపురంలో ఆటోమొబైల్ డిప్లొమా ఊరికే చదవలేదు.

"ఆయప్ప మంచి మెకానిక్ అని బండి నీకిప్పిచ్చిందే నేను," అంది. "ఇప్పుడు నాయన నన్ను, 'మనింటి బండిలో లోపమే కనిపెట్టలేకపోతివి, ఇంగోళ్ళ ఇంజన్లు ఏం ముడతావు, డిప్లొమా బీరువాలో పెట్టు' అంటాండాడు. రేపు నిండు క్యాన్లతో దిన్నె ఎక్కితేనే నేను మెకానిక్ పని చేసేది. లేకుంటే ఇంతే."

నాకు సిగ్గేసింది. స్పానర్ కోసం వంగాను. నా కంటే ముందు తనే ఒకటి తీసింది.

రేకుల మీద వాన దంచుతోంది. మధ్యాహ్నానికి ఇంజన్ విప్పేశాం. పాత సామాను దాచిన డబ్బాలోంచి పేపరులో చుట్టిన కామ్‌షాఫ్ట్ తీసి, నేత్ర ఆగిపోయింది.

"దీని మీద నా పేరేంటికుండాది?"

"కస్టమర్ పేరు రాసి పెట్టుకుంటాం..."

"కస్టమర్ నంజప్ప కదా?"

సరిగ్గా అప్పుడే వాన ఆగాలా? ఇక దాచి లాభం లేదు.

"నువ్వంటే నాకిష్టం నేత్రా. నోటితో చెప్పేకి భయమై, కామ్‌షాఫ్ట్ పెడితిని."

ఆ రోజు మొదటిసారి నవ్వింది. కలలోకంటే బాగుంది.

"పూలిచ్చేటోళ్ళు ఉండారు గాని, కామ్‌షాఫ్ట్ ఇచ్చినోన్ని నిన్నే చూస్తాండాను. దిన్నె ఎక్కనీ, జవాబు చెప్తా."

సాయంత్రానికి పాత సామానంతా మళ్ళీ బిగించేశాం. మర్నాడు పొద్దున దిన్నె కొసన నేనూ నేత్రా నిలబడ్డాం. పాలిచ్చే ఎనిమిది ఇండ్లవాళ్ళూ వచ్చారు, మళ్ళీ ఒలుకుతాయేమోనన్న బెంగతో. నంజప్ప మా ముఖాలు కూడా చూడకుండా కిందికి వెళ్ళి, క్యాన్లు కట్టుకుని బయలుదేరాడు.

డుగ్, డుగ్, డుగ్. మూడో గేరు.

నిన్న ఆగిన చోటికొచ్చేసరికి బండి బరువెక్కింది. ఇంజన్ ఒక్కొక్క దెబ్బా లెక్కపెట్టుకోవచ్చు.

"గేరు దించప్పా!" అని అరిచాను.

నేత్ర నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "అరవొద్దు. మోస్తాది."

మోసింది. నంజప్ప క్లచ్ ముట్టలేదు, గేరు మార్చలేదు. ఆ డుగ్ డుగ్ ఒక్కటి కూడా తప్పకుండా మా ముందునుంచే దిన్నె దాటింది. ఎవరో విజిల్ వేశారు. నేత్ర రోడ్డు మీదే ఎగిరి గంతేసింది. నా చెయ్యి మాత్రం వదల్లేదు.

డైరీలో పాలు పోసి నంజప్ప తిరిగొచ్చాడు. బండి ఆపి, నన్ను కింది నుంచి పైదాకా చూశాడు.

"ఇంగమీద ఏ బండైనా మా పాపను అడక్కుండా విప్పొద్దు."

"సరేనప్పా."

"గ్యారేజ్‌లో మా పాప కూర్చుని పని చేసేకి ఇంగో స్టూలు ఉండాదా?"

"ఉండాదప్పా!"

"అయితే ఆదివారం మీ అమ్మానాయన్ను మా ఇంటికి రమ్మను. నిన్న సాయంత్రం నుంచి ఈ పాప టార్క్ గురించి ఒక మాట, నీ గురించి నాలుగు మాటలు. నాకు చెవులు నొస్తాండాయి."

"నాయనా!" అని నేత్ర ముఖం తిప్పుకుంది.

నంజప్ప దిగి, తాళంచెవి కూతురి చేతిలో పెట్టి, నవ్వుతూ ఇంటిదారి పట్టాడు.

"జవాబు?" అన్నాను మెల్లగా.

నేత్ర బండెక్కి కిక్ కొట్టింది. "ఇంగా ఏం జవాబు? ఎక్కు, నేనే తోల్తా."

ఖాళీ క్యాన్ల మధ్య కాళ్ళు ఇరికించుకుని వెనక కూర్చున్నాను. ఊరంతా చూస్తుండగా బట్లహళ్ళిలోకి దిగాం. మూడో గేరు, ముప్పై స్పీడు. ఇంకా వేగంగా పోవాలని నాకు అనిపించకపోవడం జన్మలో అదే మొదటిసారి.