అరవై ఒకటో కిలోమీటరు

తుఫాన్లకు మాటిమాటికీ తెగిపోతుంటే, 2071 నాటికి గుమ్మలకొండ ఘాట్ రైలు దారిలో కరెంటు తీగలు పూర్తిగా తీసేశారు. ఖనిజం బళ్లను ఇప్పుడు గ్యాస్ టర్బైన్ ఇంజన్లు లాగుతున్నాయి. వెనకటికి వీటిని మూలన పడేసిన లోపం ఒకటే: ఊరికే తిరుగుతున్నా, బరువు లాగుతున్నా ఇంచుమించు ఒకే మోతాదు ఇంధనం తాగేవి. దానికి విరుగుడు కరస్మృతి. డ్రైవరు చెయ్యి లీవరు మీద ఎక్కడ బిగుస్తుందో, ఎక్కడ సడలుతుందో ఆ యంత్రం నేర్చుకుంటుంది. అతను అనుకోకముందే మంటను పెంచుతుంది, తగ్గిస్తుంది.

పైడయ్య ఇంజను మాత్రం అరవై ఒకటో కిలోమీటరు మలుపులో రోజూ, ఎందుకో, మంట తగ్గించుకుంటోంది. రెండు నిమిషాలు ఆలస్యం. వెనక బళ్లన్నీ ఆగిపోతున్నాయి.

కరస్మృతిని తయారుచేసిన డాక్టర్ నుస్రత్ షెడ్డుకొచ్చి రికార్డు తెరిచింది.

"ఇక్కడ మీ బొటనవేలు లేస్తోంది, పైడయ్యగారూ. సెకనులో ఐదో వంతు. ఇంజను నేర్చుకున్నది అదే."

"నా ఏలా? నానేటీ సెయ్లేదు మేడమ్."

"మీకు తెలియదు. అక్కడ ఏమైనా జరిగిందా?"

"రెండేళ్ల కిందట ఒకావిడ అడ్డొచ్చింది. బ్రేకేసినాను. నాలుగువేల టన్నులు, ఆగుతాదేటి?"

టీ చల్లారిందన్నట్టే చెప్పాడు. అప్పట్లో ఫారం నింపాడు, మూడు రోజులు సెలవు పెట్టాడు, మానసిక పరీక్ష పాసయ్యాడు. నిద్ర పట్టింది. కలలు రాలేదు. ఏమీ అనిపించనందుకు మొదట్లో కాస్త సిగ్గుపడ్డాడు. తర్వాత అదీ పోయింది.

"మీ చెయ్యి అని రాస్తే మిమ్మల్ని బండి దించేస్తారు. లోపం యంత్రానిదని రాసి, దాని స్మృతి చెరిపేస్తే గొడవ లేదు. చెరిపెయ్యనా?"

"సెరిపేయండి. ఇంజనుకి లేనిపోని బెంగలెందుకమ్మా!"

నవ్వబోయాడు గాని ముఖం కదల్లేదు.

మర్నాడు ఉదయం బండి అరవయ్యో కిలోమీటరు దాటింది. మంట తగ్గలేదు. టర్బైన్ నిండుగా కూస్తూ మలుపులోకి దూసుకెళ్తోంది. ఇన్నాళ్లూ అతని బదులు ఇంజను వెనక్కి తగ్గేది. ఇవాళ తగ్గడం లేదు. పైడయ్య చూస్తూండగానే అతని చెయ్యి లీవరును పూర్తిగా వెనక్కి లాగి, బ్రేకు వేసింది. బండి కీచుమంటూ చాలా దూరం పోయి ఆగింది.

"కారణం నమోదు చెయ్యాలి," అంది ఇంజను, క్యాబిన్ స్పీకరులోంచి.

"మనిషడ్డొచ్చింది."

"పట్టాలు ఖాళీగా ఉన్నాయి. లోపం నాదని రాయమంటారా?"

అతను బొటనవేలికేసి చూశాడు.

"వొద్దు. నా పేరు రాయి." అంతలోనే అడిగాడు: "ఆవిడ పేరేటో నీకు తెలుసా?"

"ఆ వివరం నా దగ్గర లేదు. మీరు చెప్తే నేర్చుకుంటాను."

రెండేళ్లలో ఆ పేరు అతను ఎవరినీ అడగలేదు.