సరోజ పళ్లెం

టప్.

సరోజ పుస్తకంలోంచి తల ఎత్తింది. బడి లైబ్రరీ గదిలో, పుస్తకాల అర పక్కన, బండల మీద ఓ నీటి చుక్క. పైన స్లాబు మీద అరచేయంత తడి. బయట పొద్దుటి నుంచి ముసురు.

సరోజ ఆరో తరగతి. లైబ్రరీ లీడర్. గది తాళంచెవి తన దగ్గరే ఉంటుంది. మేడంకి చెబితే గది మూసేస్తారు. చదువుతున్న కథ ఇంకా సగమే అయింది.

భోజనానికి తెచ్చుకున్న స్టీలు పళ్లెం తీసి చుక్క కింద పెట్టింది.

అన్నం బెల్లు కొట్టారు. తలుపు దగ్గర తన తరగతి మధు నిలబడ్డాడు.

"రావానే? ఇయ్యాల గుడ్డు పెడుతున్నరు."

"నాకు ఆకలైతలేదు."

"గుడ్డుకు ఆకలెందుకే? సరే, నీది గూడ నేనే తింట."

సాయంత్రానికి పళ్లెం రెండుసార్లు నిండింది. రెండుసార్లూ కిటికీలోంచి పారబోసింది. మళ్లీ అక్కడే పెట్టి, గదికి తాళం వేసి ఇంటికి వెళ్లిపోయింది. ఎవరికీ చెప్పలేదు.

ఆ రాత్రి వాన గట్టిగా పడింది.

పొద్దున తలుపు తీస్తే గడప దాకా నీళ్లు. కింది అర మొత్తం తడిసిపోయింది. మధు లైటు వేయబోయాడు.

"స్విచ్చు ముట్టకు!" అప్పుడే నాగర్‌కర్నూల్ బస్సు దిగి వచ్చిన ఉమారాణి మేడం అరిచారు. "గోడంతా తడిగున్నది. ఎవ్వరూ లోపలికి పోవద్దు."

వరండా చివర మెయిన్ స్విచ్చు ఆపాకే పిల్లల్ని లోపలికి రానిచ్చారు. చేతులు మార్చుకుంటూ పుస్తకాలు వరండాలోకి చేరవేశారు. మధుకు నీళ్లలో ఒక పళ్లెం దొరికింది. అంచు మీద పేరు చెక్కి ఉంది.

"గిది నీ పళ్లెమే కదా? ఈడెందుకున్నది?"

సరోజ చేతిలో పాటల నోట్‌బుక్కు ఉంది. బడిలో వంట చేసే రుక్కమ్మ పాడుతుంటే పిల్లలు చేత్తో రాసుకున్న నాట్ల పాటలవి. ఇంకో కాపీ లేదు. సిరా నీలంగా అలుక్కుపోయింది.

వాన వెలిసి ఎండ చుర్రుమంటోంది. సరోజ ఎవరినీ అడగలేదు. నోట్‌బుక్కును వంటగది ముందు బండ మీద ఎండలో పరిచింది. పల్లికాయ తడిస్తే అమ్మ అలాగే చేస్తుంది.

గంట తర్వాత వెళ్లి చూస్తే అట్ట వంకర తిరిగింది. పేజీలు అతుక్కుపోతున్నాయి. విడదీయబోతే ఓ మూల చిరిగింది. సరోజ అక్కడే కూర్చుని ఏడ్చింది.

రుక్కమ్మ గరిటెతోనే బయటికి వచ్చింది.

"ఎండల ఏసినవా బిడ్డా? తినే పల్లికాయనైతే ఎండల పోస్తం. విత్తనం కాయను నీడకే ఆరబెడతం. లేకుంటే మొలక చస్తది."

"నాకు తెల్వదు అవ్వా."

"తెల్వకుంటే అడగాలె. నా పాటలను నన్నడగకుండనే ఎండబెడితివి!" రుక్కమ్మ నవ్వింది. "నిన్న గుడ్డు గూడ తినలే. ఏమైందే?"

సరోజ పళ్లెం సంగతి చెప్పేసింది. తర్వాత వెళ్లి మేడంకి కూడా చెప్పింది.

మేడం తడిసిన అర వైపు చూశారు.

"నిన్ననే చెప్తే అర పక్కకు జరిపేటోళ్లం. గంతే పని," అన్నారు. "పో, పాత పేపర్లు పట్కరా."

రెండు రోజులు పుస్తకాలు పక్క తరగతిలో ఫ్యాను కింద ఆరాయి. పేజీల మధ్య పేపరు పెట్టడం, అది తడిస్తే మార్చడం సరోజ పని. నోట్‌బుక్కులో రెండు పాటలు పోయాయి. రుక్కమ్మ బియ్యం ఏరుతూ వాటిని మళ్లీ పాడింది. సరోజ రాసుకుంది. డాబా మీద నీళ్లు పోయే గొట్టంలోంచి గంపెడు వేపాకు తీశారు. అది అడ్డుపడే నీళ్లు నిలిచి స్లాబు కారింది.

దసరా సెలవుల ముందు మళ్లీ ముసురు పట్టింది. సరోజ ఇంకో కథ చదువుతోంది. ఆఖరి పేజీ. పళ్లెం ఒళ్లో ఉంది. ఎందుకో తల ఎత్తి చూసింది. కిటికీ పైన గోడ మీద రూపాయి బిళ్లంత మరక.

పుస్తకం మూసి స్టాఫ్ రూముకు పరిగెత్తింది.

"మేడం, కిటికీ మీద గోడ చెమ్మగైతున్నది. చుక్క ఇంకా పడలే."

మేడం వెంటనే లేచారు. సరోజ తాళంచెవి ఆమె చేతికి ఇచ్చేసి, పళ్లెం పట్టుకుని గుడ్డు లైనులో నిలబడింది.

"ఇయ్యాల ఆకలైతున్నదా?" అన్నాడు మధు, దిగులుగా.