సుక్కల బంగ్ల ముందు కొత్త చెప్పులు

పరమేశ్వర్‌కు ఆ ఉదయం ఉన్న కోరిక ఒక్కటే. మోకాలు చాపుకుని కాసేపు కూర్చోవాలి. నిజామాబాద్ బస్టాండ్ వెనక, టిఫిన్ సెంటర్ పైనున్న ఆ గదిలో కుర్చీ కూడా ఒక్కటే ఉంది. అందులో చీఫ్ మల్లికార్జున్ కూర్చున్నాడు.

"శ్రీధర్ కవర్ పోయింది," అన్నాడు చీఫ్.

పరమేశ్వర్ గోడకు ఆనుకున్నాడు. శ్రీధర్‌ను ఏరి, ట్రైనింగ్ ఇచ్చి, సముద్రం అవతలి దేశానికి పంపింది తనే. అక్కడి ఓడరేవులో టైలర్ వేషమే కవర్‌గా బతుకుతూ, ఆయుధాల ఓడల సమాచారం పంపుతున్నాడు శ్రీధర్.

"ఎట్ల పోయింది సార్?"

"మనోళ్లల్ల ఒకడు అమ్ముడువోయిండు. వాణ్ని పట్టినం. కానీ శ్రీధర్ ఫొటో, అడ్రస్ ఉన్న మెమరీ కార్డు అప్పటికే చేతులు మారింది. ఇయ్యాల ఆ ఆయుధాల ముఠా కొరియర్‌కు అందుతది. అది దేశం దాటిందంటే శ్రీధర్‌ను చంపేస్తరు."

"వార్నింగ్ ఇయ్యలేమా?"

"వారానికొక్కసారి వాడే మాట్లాడ్తడు. నిన్ననే మాట్లాడిండు."

"నెట్‌లో పంపుకోక చేతికెందుకు?"

"నెట్ మనం సూస్తున్నమని వాళ్లకెరుక. చేతి నుంచి చేతికే. బోధన్ అవతల, సుక్కల బంగ్ల కాడ. అక్కడి గైడ్ నిరోష ఆ ముఠా మనిషే. మనకు కూడా పనిచేస్తున్నది."

"అంటే ఎవ్వరికీ చేస్తలేదు."

చీఫ్ వినిపించుకోలేదు. బల్ల కింద నుంచి చేతికర్ర ఒకటి తీశాడు. "పిడిలో ట్రాన్స్‌మిటర్ ఉంది. నువ్వెక్కడున్నా మా స్క్రీన్ మీద కనపడ్తవు."

పరమేశ్వర్ దాని మీద బరువు వేసి చూశాడు. ఇన్నేళ్లలో డిపార్ట్‌మెంట్ ఇచ్చిన పరికరాల్లో ఒంటికి పనికొచ్చింది ఇదే.

"ఇది అయినంక నా లీవ్, సార్?"

"సూద్దాం," అన్నాడు చీఫ్. ఆ మాటకు అర్థం ఇద్దరికీ తెలుసు.

*

వేల్పూర్ నుంచి టూరిస్టులతో వచ్చిన బస్సు నిజామాబాద్‌లో ఆగింది. పసుపు తవ్వకాలు మొదలైతే ఊపిరి తీసుకోవడానికి ఉండదని, ముందే నాలుగు చోట్లు చూసి రావడానికి బయల్దేరిన రైతు కుటుంబాలు. బస్సు మాట్లాడి, అందరినీ పోగుచేసిన లింబాద్రి మెట్టు మీద నిలబడి తలలు లెక్కపెడుతున్నాడు. పరమేశ్వర్ మోర్తాడ్ రిటైర్డ్ టీచర్ వేషంలో ఎక్కి, భూమవ్వ అనే పెద్దావిడ పక్కన కూర్చున్నాడు.

"మొకం గట్ల గుంజుకపోయిందేంది సారూ? నిద్ర పోతలేవా?"

"రిటైరైనంక పోత అవ్వా."

"రిటైర్ అయిన్నంటివి గదా ఇప్పుడే!"

పరమేశ్వర్ నాలుక కరుచుకుని కిటికీ వైపు తిరిగాడు. వేషాలు పాతబడలేదు, వేసుకునేవాడే పాతబడ్డాడు. బోధన్ దాటాక చెరుకు ట్రాక్టర్ల వెనక బస్సు నెమ్మదించింది. లింబాద్రి దిగి ఒక మోపు చెరుకు గడలు కొని, సీట్ల మధ్య దారిలో పడేశాడు.

సుక్కల బంగ్ల రాతిగుట్ట మీద ఉంది. నైజాం కాలంలో చక్కెర మిషన్లు నడపడానికి వచ్చిన ఇంజనీరు ఒకాయన సొంత పిచ్చితో కట్టించిన నక్షత్రశాల. ఎండ గడియారం ఉంది. గోపురం ఉంది గాని అందులోని టెలిస్కోపు ఎప్పుడో పోయింది. మిగిలినవాటిలో చెప్పుకోదగింది చీకటి గది. కప్పులో చిన్న కన్నం. మిట్టమధ్యాహ్నం అందులోంచి దిగిన సూర్యబింబం నేల మీది పాలరాతి గీతను దాటుతుంది. అది చూడటానికే జనం వస్తారు.

ఊళ్ల వాళ్లకు మాత్రం ముఖ్యమైనది వేరే ఉంది. ఆవరణలో రెండో టెలిస్కోపు నిలిపిన రాతి దిమ్మె. ఒకప్పుడు ఆ ఇంజనీరు దాంట్లోంచి అందరికీ శనిగ్రహాన్ని చూపించేవాడట. శని అక్కడికి దిగుతాడని అప్పుడు పుట్టిన నమ్మకం, టెలిస్కోపు పోయినా పోలేదు. శనివారం నాడు కాళ్లకున్న చెప్పులు అక్కడ వదిలి, వెనక్కి చూడకుండా వెళితే శని వదులుతుంది. 'ఇక్కడ చెప్పులు విడువరాదు' అన్న బోర్డు కిందే చెప్పుల గుట్ట ఉంది. ఆ రోజు శనివారం.

భూమవ్వ తన తెగిన స్లిప్పర్లు అక్కడ విడిచింది. "అగో, ఎవలో కొత్త తోలు చెప్పులు ఇడిసిండ్రు. ఎంత శని పట్టిందో పాపం!" అంటూ సంచిలోంచి మంచి జత తీసి తొడుక్కుంది.

పరమేశ్వర్ నవ్వి ముందుకు నడిచాడు. ఎండ గడియారం దగ్గర నల్లద్దాలు, నెమలికంఠం రంగు చీర, గాలికి చెదరని జడ. నిరోష.

"ఈ గడియారం సరిగ్గా నడుస్తుందా మేడమ్?" కోడ్ చెప్పాడు.

"నీడ ఎప్పుడూ ఫోను కంటే వెనకే సార్," అంది. అది జవాబు. తర్వాత గొంతు తగ్గించింది. "చీకటి గదిలో. బింబం గీతను తాకగానే అందరూ నేల చూస్తారు. ఎర్ర టోపీ పెట్టుకున్నవాడి చేతికి కార్డు అందుతుంది."

గేటు దగ్గర చాయ్ అమ్మేవాడి వేషంలో ఉన్న కానిస్టేబుల్ నాగేందర్‌కు పరమేశ్వర్ నెత్తి తడుముతూ సైగ చేశాడు. ఎర్ర టోపీ. నాగేందర్ ఫ్లాస్కు పట్టుకుని గది తలుపు దగ్గరికి జరిగాడు.

లోపల తలుపు మూశారు. కప్పులోంచి దిగిన వెలుగు నాణెమంత గుండ్రంగా నేల మీద వణుకుతూ, పాకుతూ గీత వైపు వస్తోంది.

"సూడుండ్రి, సూడుండ్రి! సూర్యుడు నడుస్తున్నడు!" లింబాద్రి గొంతు చీకట్లో మోగింది.

"నువ్వు నా కాలు మీద నడుస్తున్నవు, జరుగు!" ఎవరో ఆడమనిషి.

బింబం గీతను తాకింది. అందరూ వంగారు. పరమేశ్వర్ మాత్రం ఎర్ర టోపీనే చూస్తున్నాడు. టోపీవాడి రెండు చేతుల్లోనూ చంటిపాప ఉంది. వాడి దగ్గరికి ఎవరూ రాలేదు. బింబం గీత దాటి వెళ్లిపోయింది.

ఈ వింత చూపించాల్సిన గైడు గదిలో లేదు.

ఏమీ కనపడని చోటుకే తనను ఎందుకు పంపింది? బయట ఏదో కనపడకుండా. బయట ఏముంది? పరమేశ్వర్‌కు కొత్త తోలు చెప్పులు గుర్తొచ్చాయి. శనికి ఎవరైనా తెగినవి, అరిగినవి వదులుతారు. ఈ జిల్లాలో పుట్టినవాడెవడూ మంచి జత వదలడు. వదిలిన జతను ఇంకొకడు ముట్టుకోడు. వస్తువు దాచడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. కానీ చెప్పుల ఎంపికలోనే తప్పు చేశారు.

జనాన్ని తోసుకుంటూ బయటపడ్డాడు.

అప్పటికే గేటు దగ్గర గొడవగా ఉంది. తలకు తువ్వాల చుట్టి, చెరుకు కొట్టే కూలీలా ఉన్న మనిషి. కాళ్లకు ఆ కొత్త చెప్పులు. పది అడుగుల అవతల ఇంజన్ ఆపని తెల్ల కారు. మధ్యలో నడుముకు చేతులు పెట్టుకుని భూమవ్వ, ఆమె వెనక నలుగురు ఆడవాళ్లు.

"ఓ అన్నా! గవ్వి ఎవలియి?"

"నావే."

"నీయే అయితే ఇడిసినంక మళ్ల తొడుగుతవా? ఇడిసిన శనిని ఇంటికి తీస్కపోతవా?"

"నావి కావు, సరేనా! జరగండి!"

"నీయి గాకుంటే ఇంకా అద్వానం! పరాయోళ్ల శని నీకెందుకయ్యా? పెండ్లాం పిల్లలు లేరా నీకు? ఇడువు! ఇడిసినంకనే పోనిస్త!"

"అవ్వా, అర్జెంటేమో, పోనివ్వండి," అంటూ నిరోష చీర కుచ్చిళ్లు పట్టుకుని పరుగున వచ్చింది.

"నీకేమెరుక బిడ్డా, నువ్వూకో!"

అతను భూమవ్వను తోసేసి కారు వైపు దూకాడు. పరమేశ్వర్ కర్ర వంపుతో కుడి కాలు లాగాడు. చెప్పు ఊడింది, కర్ర చేజారి కారు డోర్ సందులో పడింది, తన మోకాలు మడత పడింది. ఊడిన చెప్పు అడుగు నొక్కి చూశాడు. గట్టిగా ఉంది, లోపల ఏమీ లేదు. కార్డు ఎడమదాంట్లో ఉంది. ఆ ఎడమ కాలు ఒక్కటే ఇంకా కారు బయట ఉంది. డోర్ మూసుకుంటోంది.

"లింబాద్రీ! ఎడమ కాలుది!" అని అరిచాడు.

అప్పుడే గదిలోంచి బయటికొచ్చిన లింబాద్రికి విషయం తెలియదు. కానీ శని చెప్పును చేత్తో ముట్టుకోకూడదని తెలుసు. గేటు పక్కనే ఆగిన బస్సులోకి చెయ్యి చాపి, మోపులోంచి చెరుకు గడ ఒకటి లాగి, డోర్ సందులోకి దూర్చి మడమ దగ్గర ఒక్క విసురు విసిరాడు. గడ విరిగింది. చెప్పు గాల్లోకి లేచి దుమ్ములో పడింది. కారు కదిలింది. పరమేశ్వర్ చెప్పు మీద బోర్లా పడ్డాడు.

కారు గుట్ట దిగిపోయింది. కానీ చేతికర్ర డోర్‌లో ఇరుక్కుని దాంతోపాటే పోయింది. మహారాష్ట్ర సరిహద్దులోని సాలూర చెక్‌పోస్టు దాటకముందే స్క్రీన్ చూస్తున్న పోలీసులు వాణ్ని ఆపారని కాసేపటికి ఫోన్ వచ్చింది.

నిరోష పారిపోలేదు. నాగేందర్ ఆమె చేతులకు సంకెళ్లు వేస్తుంటే నల్లద్దాలు తీసింది. కళ్ల కింద చారలు. ఆమె కూడా నిద్రపోయి చాలా రోజులైనట్టుంది.

"చీకటి గదే అని చెప్పాను కదా సార్. బయటికెందుకొచ్చారు?"

"శనికి కొత్త చెప్పులు పెట్టినవు. ఈడిదానివైతే పాతయి పెడుదువు."

"పాత చెప్పుల అడుగు పల్చగా ఉంటుంది. కార్డు పట్టదు," అంది నిరోష. తప్పు ఒప్పుకున్నట్టు కాదు, లెక్క అప్పజెప్పినట్టు అంది.

పరమేశ్వర్ అడుగు కోసి చూశాడు. గోరంత కార్డు. చీఫ్‌కు ఫోన్ చేశాడు.

"శ్రీధర్ నా చేతుల ఉన్నడు సార్."

"మంచిది," అన్నాడు చీఫ్. "సోమవారం పొద్దున ఆఫీసుకు రా. ఇంకోటుంది."

"లీవ్ సార్?"

చీఫ్ ఫోన్ పెట్టేశాడు.

పరమేశ్వర్ కార్డును నాగేందర్‌కు అప్పగించి, కుంటుకుంటూ బస్సు దగ్గరికొచ్చాడు. అందరూ ఎక్కేశారు. మెట్టు మీద భూమవ్వ అడ్డంగా నిలబడి ఉంది.

"ఆగు సారూ. ఆ చెప్పులు చేత్తోని పట్టినవు. మీద పండినవు. నెత్తిమీంచి తానం జేసినంకనే బస్సెక్కు."

"అవ్వా, నేను సర్కారు మనిషిని..."

"శనికి సర్కారెక్కడిది? నడువు, అగో నల్లా."

బస్సంతా కిటికీల్లోంచి చూస్తోంది. ఇంత సూటిగా ఆర్డరిచ్చిన పై అధికారి సర్వీసు మొత్తంలో పరమేశ్వర్‌కు తగల్లేదు. చొక్కా విప్పి నల్లా కింద కూర్చున్నాడు. పొద్దుటి నుంచీ అనుకున్నట్టు, మోకాలు చాపుకునే.

డిసెంబరు నీళ్లు వీపు మీద కత్తుల్లా పడ్డాయి. సముద్రం అవతల శ్రీధర్ ఎవరి చొక్కాకో గుండీలు కుడుతూ ఉంటాడు. వాడికిది ఎప్పటికీ తెలియదు.

"సబ్బు కావాల్నా సారూ?" బస్సులోంచి లింబాద్రి కేకేశాడు.