గాజుల గోడ

గద్వాల కోట వెనక సందులో ఉన్న ఆ భవంతి పేరు చెబితే, పొద్దుగూకాక ఆటోవాళ్లు మలుపులోనే దింపేస్తారట. గోడలో గాజులు మోగుతాయని దానికి చెడ్డపేరు. ఉత్త గోడలో... మనిషి జాడ లేకుండా... గలగలమని.

ఆ ఇంటిని హోటల్ చేయాలని యజమాని చంద్రశేఖర్ నక్ష గీయడానికి శ్రీజను పిలిపించాడు. వచ్చినప్పటి నుంచీ ఆమెకు ఒకటే చికాకు. బయటి గోడ కొలతకూ లోపలి గదుల కొలతకూ పొంతన లేదు. మనిషి పట్టేంత జాగా ఎక్కడో మాయమైంది.

"గా గోడల మా ముత్తవ్వ తిరుగుతదమ్మా. కూలగొడదామంటే కూలోళ్లు భయపడుతున్నరు."

"బతికున్నప్పుడు ఆమెను గడప దాటనిచ్చిండ్రా సార్?"

"ఆడోళ్ల గోరు గూడ బయటోళ్లకు కనపడని ఇల్లు మాది!" మీసం దువ్వాడు.

"మరి చచ్చినంక తిరగదా?"

చీకటి పడుతుంటే ఆయన పక్కనే ఉన్న తమ కొత్తింటికి మెల్లగా జారుకున్నాడు. కరెంటు పోయింది. గోడలో...

గల్... గల్...

శ్రీజ ఫోన్ లైటుతో చప్పుడు వెంట నడిచింది. కొట్టుగదిలో పాత మట్టి గోలేల వెనక నడుమెత్తు తలుపు — తోసింది.

రెండు గోడల మధ్య సన్నటి దారి. మగవాళ్ల కంటపడకుండా ఆడవాళ్లు బావికి పోయేందుకు కట్టించింది. ఊళ్లో దారులు వేసిన వంశం, ఇంటి ఆడవాళ్లకు మాత్రం గోడలోనే వేసింది!

చివర ఓ ఆకారం... రెండు చేతులు పైకి లేచాయి... గల్...

"లైటు ఆర్పక్కా... దండం పెడత."

యమున. చంద్రశేఖర్ తమ్ముడి భార్య. నిరుడు మొగుడు పోతే నలుగురిలో కూర్చోబెట్టి గాజులు పగలగొట్టారు. ఇప్పుడు ముంజేతుల నిండా పచ్చగాజులు!

"పొద్దుగూకినంక జరసేపు ఏసుకుంట. నక్షల గీయకక్కా... గీస్తే దయ్యం లేదని తెలుస్తది. గోడ కూలగొడ్తరు. నాకు గీ జాగొక్కటే..."

పక్కన గూట్లో గాజుల కుప్ప. మసకబారినవి, పాతకాలపువి.

"గివన్ని నీయేనా?"

"పచ్చయే నావి. గవి మా అత్తమ్మయి. కిందియి... ఆమె అత్తయట."

తెల్లారి శ్రీజ నక్ష ఇచ్చింది. అందులో దారి లేదు. అంతా నిండు గోడే.

"కూలగొట్టొద్దు సార్."

"ఎందుకు? దయ్యం కనపడ్డదా?"

"ఒక్కటి కాదు... మీ ఇంటి ఆడోళ్లందరు ఉన్నరు."

చంద్రశేఖర్ చేతిలో చాయ్ తొణికింది. ఆ చాయ్ అందించిన బోసి చేతులు మాత్రం వణకలేదు.