తాతగారి మంజూ ఎవరు తిన్నారు

పోయినవాళ్ళకు మనం పెట్టింది వాళ్ళు తింటారా? ఈ అనుమానం చిన్నప్పటి నుంచి నన్ను వదల్లేదు.

ఫిజీలో మా లబాసాలో కాకి కనబడేది కాదు. తద్దినం నాడు అమ్మ గోడ మీద ముద్ద పెడితే మైనాలు వచ్చి ఎత్తుకుపోయేవి. "కాకి ముట్టకపోతే తాత తిన్నట్టా, తిననట్టా?" అని అడిగితే అమ్మ గరిటె చూపించేది. దాంతో అనుమానం అణిగింది కానీ చావలేదు. మళ్ళీ నా ఇరవయ్యో ఏట, జపాన్‌లో మత్సుయే ఊళ్ళో, కదొవాకి గారింట్లో తల ఎత్తింది.

ఈసారి ఎత్తుకుపోయింది మైనా కాదు. నేను.

స్కాలర్‌షిప్ మీద ఏడాది చదువుకోవడానికి వెళ్ళాను. కాలేజీవాళ్ళు నన్ను కదొవాకి గారింట్లో పెట్టారు. ఆయన తతామి చాపలు కుట్టేవారు. రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ. ఆయన భార్య ఫుమియె గారు ఆ లోటు తీర్చేవారు. ఇంకా ఆయన తల్లి యాసు బామ్మ, కూతురు సుమిరె. సుమిరెది నా వయసే.

గుమ్మంలో అడుగు పెట్టగానే పెద్దావిడ కనబడింది. పెద్దవాళ్ళ కాళ్ళకు దండం పెట్టాలని మా అమ్మ మరీ మరీ చెప్పి పంపింది. వంగాను. చెప్పుల బీరువా చూసుకోలేదు.

"అమ్మా! కొత్తబ్బాయి వచ్చాడు. వచ్చీరాగానే పడిపోయాడు!" అని లోపలికి కేక వినబడింది.

నుదుటి మీద బొప్పితో తల ఎత్తితే, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతున్న ఒక అమ్మాయి. అదీ మా తొలి చూపు. అప్పలసామి అనే నా పేరు ఆ ఇంట్లో అరగంటలో సామి అయింది.

ఇంట్లో ఫుమియె గారి చట్టం ఒక్కటే: బామ్మకు తీపి పెట్టకూడదు. డాక్టరు మానమన్నాడు. చక్కెర డబ్బా బామ్మకు అందని అరలో ఉండేది. అందనిది నా ఒక్కడికే అందుతుంది కాబట్టి నాకు విడిగా హెచ్చరిక కూడా చేశారు.

నెలకు ఒక్క రోజు మాత్రం ఆ ఇంట్లోకి తీపి వచ్చేది. తాతగారు పోయింది ఒక పద్నాలుగో తారీకున. అందుకని ప్రతి నెలా పద్నాలుగున ఫుమియె గారు వంతెన అవతలి అంగడి నుంచి ఒకే ఒక్క మంజూ తెచ్చేవారు. బూరె అంత ఉంటుంది, లోపల తీపిముద్ద. బామ్మ దాన్ని ముందుగదిలో పెద్దల మందిరంలో, తాతగారి ఫోటో ముందు పెట్టేది. సాయంత్రం తలుపు వేసుకుని కాసేపు తాతగారితో మాట్లాడి, మంజూ పిచ్చుకలకు వేశానంటూ ఖాళీ పళ్ళెంతో వచ్చేది.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అక్టోబరు పద్నాలుగున నాకు తెలిసింది ఒక్కటే. పొద్దున్నే స్నానం చేసి దండం పెట్టుకోవడానికి ఆ గదిలోకి వెళ్ళాను. అగరువత్తి వెలుగుతోంది. పళ్ళెంలో మంజూ ఉంది. ఎవరూ లేరు.

దేవుడి ముందున్న ప్రసాదం చూసి వదిలి వెళ్ళడం పాపం. రెండు చేతులా తీసుకున్నాను, కళ్ళకు అద్దుకున్నాను, తిన్నాను. బాగుంది. మంజూ చుట్టిన కాగితాన్ని బుద్ధిగా మూడు మూలలుగా మడిచి పళ్ళెంలో పెట్టాను.

వెనక్కి తిరిగితే గుమ్మంలో సుమిరె.

"ఏం తిన్నావ్?"

"ప్రసాదం."

"అది మా తాతది!"

"తాతగారు..." అంటూ ఫోటో చూశాను. ఆయన నన్ను చూస్తున్నారు.

ఈలోగా బామ్మ రానే వచ్చింది, వెనకాలే ఫుమియె గారు. పళ్ళెం ఖాళీ. నా నోట్లో చివరి ముద్ద ఇంకా ఉంది, నోరు తెరిస్తే దొరికిపోతాను.

"ఎవరు తిన్నారు?" అన్నారు ఫుమియె గారు.

సుమిరె నన్ను చూసింది, పళ్ళేన్ని చూసింది. "ఇంకెవరు? తాతయ్యే వచ్చి తినుంటాడు" అంది.

ఒకరైనా నవ్వుతారు అనుకుంది. ఎవరూ నవ్వలేదు. బామ్మ ఆ ఖాళీ పళ్ళెం వంకే చూస్తూ నిలబడింది. నెమ్మదిగా ఆవిడ కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. అలికిడి విని వచ్చిన కదొవాకి గారు చేతులు జోడించారు. ఇక నిజం చెప్పేందుకు ఆ గదిలో చోటు లేదు. నేను ముద్ద మింగేశాను.

పెరట్లో సుమిరె నన్ను పట్టుకుంది. "వచ్చే నెల కూడా తినాలి నువ్వు."

"నేనా? ఎందుకు?"

"తినకపోతే తాతయ్యకు కోపం వచ్చిందని బామ్మ బెంగ పెట్టుకోదూ?"

"నువ్వు తినొచ్చుగా!"

"మొదలుపెట్టింది ఎవరు?"

అలా నేను ఒక పెద్దమనిషి ఆత్మ ఉద్యోగంలో చేరాను. ప్రతి పద్నాలుగున సుమిరె వసారాలో కాపలా. దగ్గితే ఎవరో వస్తున్నట్టు, రెండుసార్లు దగ్గితే పరుగెత్తాలి. జనవరిలో సుమిరెకు నిజంగా జలుబు చేసింది. ఆ రోజు నేను ఒక్క మంజూ కోసం నాలుగుసార్లు చలిలో పెరట్లోకి దూకాను.

"నీ మూతి మీద పిండి ఉంది."

"ఎక్కడ?"

"అక్కడ కాదు. ఇంకా కింద. అబ్బ, ఆత్మలకు ఇంత పెద్ద మూతి ఉంటుందా!" అంటూ తన రుమాలుతో తనే తుడిచింది.

ఆ రోజు నుంచి నాకు పద్నాలుగో తారీకు కోసం ఎదురుచూపు మొదలైంది. మంజూ కోసం కాదని మీకు చెప్పక్కర్లేదు. తన కోసం సైకిల్ మీద వర్షంలో తడిశాను. తనకు ఇష్టమని చెరువు గవ్వల పులుసు తాగి మూడు రోజులు మంచం పట్టాను. నేను గవ్వలు కూడా మింగాలి అనుకున్నాను మరి.

కానీ ఏ పూటా మనసు కుదురుగా లేదు. దండం పెట్టుకోబోతే తాతగారి ఫోటో అడ్డం వచ్చేది. ఒక ముసలమ్మ నమ్మకాన్ని కాపాడుతున్నానా, దానితో ఆడుకుంటున్నానా? దేవుణ్ణి అడిగాను. ఆయన కూడా కదొవాకి గారిలాగే మితభాషి.

ఆగస్టు దాకా పదకొండు మంజూలు తిన్నాను. సెప్టెంబరు మొదట్లో ప్రయాణం. ముందు రోజు వంతెన మీద, ఒకే గొడుగు కింద, గొంతు సవరించుకున్నాను.

"సుమిరే, నీకో మాట చెప్పాలి."

"ఏ మాటో నాకు తెలుసు. ముందు బామ్మకు చెప్పాల్సింది చెప్పు."

"మంజూ సంగతా? మోసం చేసింది ఇద్దరం కదా!"

"నేను కాపలా. తిన్నది నువ్వు." నవ్వుతూనే అంది, కానీ కళ్ళు నవ్వలేదు. "బామ్మ దగ్గర అబద్ధం దాచుకున్న నోటితో నాకు ఆ మాట చెప్పకు సామీ. రేపు నీ మాట కూడా అలాంటిదేనేమో అనిపిస్తుంది."

గొడుగు నాకు ఇచ్చేసి వానలోనే వెళ్ళిపోయింది.

పొద్దున్నే బామ్మ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. "బామ్మా, తాతగారి మంజూ..." అన్నాను.

బామ్మ నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు వెళ్ళాక ఆయన వస్తాడో రాడో, చూడాలి" అంటూ నన్ను చాలాసేపు చూసింది.

ఆ చూపుకు నా ధైర్యం చచ్చింది. కాళ్ళకు దండం పెట్టి, ఈసారి బీరువా తగలకుండా, దొంగలా వచ్చేశాను. సుమిరె స్టేషనుకు రాలేదు.

లబాసాలో బడిలో లెక్కలు చెప్పుకుంటున్నాను. సెప్టెంబరు చివర సుమిరె నుంచి ఉత్తరం వచ్చింది.

"పద్నాలుగున నీ బదులు నేను తిందామని వెళ్ళాను. పళ్ళెం అప్పటికే ఖాళీ. అమ్మ తినలేదు. నాన్నకు తీపి పడదు. నువ్వేమైనా ఈదుకుంటూ వచ్చావా?"

తర్వాతి నెలా అదే. ఆ తర్వాతా అదే. అంటే ఆయన నిజంగానే వస్తున్నారు! ఆ పదకొండు నెలలూ ఆయన వచ్చి, ఖాళీ పళ్ళెం చూసుకుని వెనక్కి వెళ్ళారన్నమాట. గుడికి పరుగెత్తి పంతులుగారిని అడిగాను.

"పోయినవాళ్ళు తింటారా స్వామీ?"

"నమ్మితే తింటారు నాయనా."

"నమ్మకపోతే?"

"అప్పుడూ తింటారు. నీకు తెలియదంతే."

నాలుగేళ్ళు ఆ అనుమానంతో, ఆ ఉత్తరాలతో గడిచాయి. ప్రతి జవాబులోనూ నిజం చెప్పడానికి వస్తానని రాశాను. ప్రతిసారీ ఏదో ఒక వంక దొరికింది. చివరికి ఇంకో ఉత్తరం వచ్చింది.

"ఒక సంబంధం వచ్చింది. బ్యాంకులో పని. మంచివాడే. ఎవరి పళ్ళెంలోదీ తినడు. నవంబరు పద్నాలుగు సాయంత్రం లోపల నేను వాళ్ళకు జవాబు చెప్పాలి. నీ నుంచి నాకు కావలసింది సలహా కాదు."

నవంబరు పద్నాలుగు మధ్యాహ్నం కదొవాకి గారి గుమ్మంలో నిలబడ్డాను. ఆ ఊళ్ళో అన్నం మరిచినా గొడుగు మరవకూడదంటారు. నేను గొడుగు మరిచాను. నిలువెల్లా తడిసి ఉన్నాను. తలుపు తీసింది సుమిరె. తువ్వాలు నా మొహాన విసిరి, ముందుగది వైపు వేలు చూపించింది.

బామ్మ మందిరం ముందే కూర్చుని ఉంది. మిగతా ఇద్దరూ వచ్చి నిలబడ్డారు. చేతులు నేలకు ఆనించి, తల వంచి, ఒక్క ఊపిరిలో చెప్పేశాను.

"బామ్మా, ఆ ఏడాది తాతగారు రాలేదు. పదకొండు మంజూలూ నేనే తిన్నాను. మొదటిది ప్రసాదం అనుకున్నాను. మిగతా పదీ తెలిసే తిన్నాను. నన్ను క్షమించండి."

ఒక చిన్న కిచకిచ వినబడింది. తల ఎత్తితే బామ్మ భుజాలు ఊగుతున్నాయి. నవ్వుతోంది.

"తెలుసురా పిచ్చివాడా! చచ్చినవాడు కాగితం మడిచి పెడతాడా? బతికుండగా ఆయన ఎన్నడైనా ఒక్క కాగితం మడిచాడా?"

"మరి నాకు చెప్పలేదేం?"

బామ్మ కోడలి వంక ఓరగా చూసింది. "ఎలా చెప్పను? అది నా మంజూ."

"అత్తయ్యా!" అన్నారు ఫుమియె గారు.

"పిచ్చుకలూ లేవు, ఏమీ లేవు. ఆ పిచ్చుకను నేనేనమ్మా."

ఫుమియె గారు గోడకు ఆనుకున్నారు. "అయితే నేను వెళ్ళాక ఖాళీ చేసింది కూడా..." అన్నాను. బామ్మ తన ఛాతీ మీద వేలు పెట్టుకుంది.

"మరి ఆ రోజు మీ కళ్ళలో నీళ్ళు?"

"నెలంతా ఎదురు చూసిన మంజూ పోతే నీళ్ళు రావూ!" అని బామ్మ మళ్ళీ నవ్వబోయి ఆగింది. ఫోటో వైపు తిరిగింది. "ఆయన తీపి ముట్టేవాడు కాదు. జీతం రోజున నాకోసం ఒక్కటి తెచ్చేవాడు. నేను తింటుంటే ఎదురుగా కూర్చుని చూసేవాడు, అంతే. అందుకని ఆయన ముందు పెట్టి, తలుపు వేసుకుని, ఆయన చూస్తుండగా తినేదాన్ని. పదకొండు నెలలు ఆయనకు చూడడానికి ఏమీ లేకుండా చేశావు సామీ."

నా తల మళ్ళీ నేలకు ఆనింది. ఈసారి ఎత్తబుద్ధి కాలేదు.

"నా బాకీ నాకు కావాలి" అంది బామ్మ. "పదకొండు."

"పదకొండు ఒకేసారా? డాక్టరు నన్ను చంపుతాడు!" ఫుమియె గారు తేరుకున్నారు. "నెలకు పావు ముక్క. అంతకు మించి వీల్లేదు."

బామ్మ వేళ్ళు మడిచింది. "అంటే నలభై నాలుగు నెలలు. తీరేదాకా ఈ దొంగ ఊరు దాటకూడదు."

అప్పుడు సుమిరె వచ్చి నా పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. "బామ్మ పని అయింది. నాకు చెప్పాల్సింది చెప్పు."

"ఇక్కడా? అందరి ముందా?"

"బ్యాంకాయనకు ఫోన్ చెయ్యాలి. తొందరగా."

చెప్పాను. నాలుగేళ్ళు అద్దం ముందు సాధన చేసిన అందమైన వాక్యం ఒకటి ఉండేది. అది రాలేదు. "నాకు నువ్వంటే ఇష్టం, నాకు చలేస్తోంది" అని వచ్చింది.

సుమిరె లేచి ఫోన్ దగ్గరకు వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ తువ్వాలు తీసి నా తల మీద కప్పింది.

కదొవాకి గారు గొంతు సవరించుకున్నారు. "మోకాళ్ళు గట్టివేనా?"

"ఆఁ?"

"తతామి కుట్టాలంటే మోకాళ్ళు గట్టిగా ఉండాలి."

ఆయన ఆశీర్వాదం అదేనని నాకు సుమిరె చెబితే గాని తెలియలేదు.

ఆ తర్వాత ప్రతి పద్నాలుగునా వంతెన దాటి మంజూ తెచ్చే పని నాది. ముందు తాతగారికి, ఆ తర్వాత ఫుమియె గారి కత్తికి. పావు బామ్మకు, మిగతా మూడు పావులు ఇంట్లోవాళ్ళకు. అందులో నాకు వాటా లేదు. పెళ్ళయింది, పాప పుట్టింది, నా మోకాళ్ళు గట్టిపడ్డాయి. నాకన్నా ముందే పాపకు వాటా వచ్చింది.

నలభై నాలుగో పద్నాలుగు జూన్‌లో వచ్చింది. బయట ముసురు. బామ్మకు తొంభై నిండాయి. ఆ రోజు తలుపు వెయ్యలేదు. ఫోటో ఎదురుగా కూర్చుని, పావు ముక్కను ఎలుక కొరికినట్టు కొంచెం కొంచెంగా, చాలాసేపు తింది. మేమందరం చూశాం. తాతగారు కూడా చూస్తున్నట్టే ఉంది. పోయినవాళ్ళు తింటారో లేదో నాకిప్పటికీ తెలియదు.

వేళ్ళకంటిన పిండి కూడా నాకేసి, బామ్మ కాగితం తీసుకుంది. నాలాగే మూడు మూలలుగా మడిచింది. ఖాళీ పళ్ళెంలో పెట్టి, గంట మోగించి, ఫోటోకు దండం పెట్టింది.

"సామి బాకీ తీరిపోయిందండీ" అంది ఆయనతో.