విమల మరుపుకు దొరికిన పేరు

ప్రొద్దుటూరు బస్టాండులో కండక్టర్ దేవపాలు విమలతో మొదటిసారి మాట్లాడింది తిట్టడానికే.

"మొన్న టికెట్ పారేసుకున్నావు. నిన్న గొడుగు వదిలిపెట్టినావు. నేను టికెట్లు కొట్టాల్నా, నీ సామాను కాయాల్నా?"

"ఎవరు కాయమన్నారప్పా నిన్ను?" అంటూ విమల గొడుగు లాక్కుంది.

తీరా బస్సెక్కి చూసుకుంటే టిఫిన్ డబ్బా ఇంట్లోనే ఉండిపోయింది. దేవపాలు తన డబ్బాలోని బొరుగుల ఉగ్గాని సగం మూతలో పెట్టి అందించాడు. నవ్వు ఆపుకోవడానికి అతను పడే పాట్లు చూసి ఆమెకే నవ్వొచ్చింది.

జమ్మలమడుగు అవతల ఒక మండలాఫీసులో ఆమె కంప్యూటర్ ఆపరేటర్. ఇరవై ఆరేళ్లొచ్చినా చిన్నప్పటి మాటే వెంట వస్తోంది: తెలివుంది గానీ మనసు పెట్టదు. మనసు పెట్టడానికి ఆమె ఎంత పెనుగులాడేదో ఎవరికీ తెలియదు.

2014 ఎన్నికలొచ్చాయి. ఊరూరా రెండు జెండాలు, జీపుల నిండా మనుషులు. పాత హత్యలు ఇంకా మరిచిపోని పల్లెలవి. అలాంటి ఒక పల్లె ఓటర్ల జాబితా కట్టను విమల బస్సులో మరిచిపోయింది.

కట్ట కనబడటం లేదన్న మాట పొక్కి, మధ్యాహ్నానికి ఒక పార్టీవాళ్లు ఆఫీసును చుట్టుముట్టారు. "లిస్టు అవతలోళ్లకు ఇచ్చినావా, లేదా?" అని నిలదీశారు. అంతలో దేవపాలు యూనిఫాంలోనే ఆటో దిగి, కట్ట తెచ్చి ఆఫీసరు బల్ల మీద పెట్టాడు.

"సీటు కిందుంది సార్. కట్టిన దారం గూడా విప్పలేదు, చూసుకోండి."

గొడవ సద్దుమణిగింది. విమలకు మాత్రం మెమో ఇచ్చారు.

తిరుగు బస్సులో ఆమె కిటికీ వైపు తిరిగి ఏడ్చింది. దేవపాలు పక్క సీటులో కూర్చున్నాడు.

"నిర్లక్ష్యమున్నోళ్లు ఇట్లా ఏడవరు. ఒకసారి డాక్టరుకు చూపించుకోరాదా?"

"నాకు మతి లేదంటావా?"

"అనను. రోజూ చూస్తాండా గదా. శానా కష్టపడతాండావు, అయినా జారిపోతాంది. అదేందో కనుక్కోమంటాండా."

మూడు రోజులు అలిగి వేరే బస్సెక్కింది. నాలుగోనాడు తల్లి సుందరమ్మతో కలిసి, చిన్నప్పటి నుంచి తమ ఇంటిల్లిపాదికీ వైద్యం చేసే డాక్టర్ సైదున్నీసా దగ్గరికి వెళ్లింది.

డాక్టరమ్మ తొందరపడలేదు. రక్తం, థైరాయిడ్ పరీక్షలు చేయించింది. బడినాటి ప్రోగ్రెస్ కార్డులు తెప్పించుకుంది. కడపలోని మానసిక వైద్యుడికి ఉత్తరం రాసిచ్చింది. ఆయన రెండుసార్లు చూసి నిర్ధారించాక డాక్టరమ్మే విమలను కూర్చోబెట్టి చెప్పింది.

"దీన్ని ఏడీహెచ్‌డీ అంటారు బేటీ, ధ్యాస ఒకచోట నిలవకపోవడం. చిన్నప్పటి నుంచీ ఉంది. నీ మెదడు పనిచేసే తీరే అది. సోమరితనం కాదు, నీ తప్పూ కాదు."

సుందరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఎన్నిసార్లు కొట్టినానో బిడ్డను."

మాత్రలు కడప డాక్టరు రాశాడు. నెలనెలా బీపీ, నాడి, బరువు చూసేది సైదున్నీసా. మొదట్లో ఆకలి చచ్చిపోయింది, నిద్ర పట్టలేదు. మోతాదు తగ్గించారు. అన్నీ సర్దుకోలేదు. కానీ ఒక పని మొదలుపెట్టి, మధ్యలో ఎటూ పోకుండా అదే ముగించిన రోజు విమల కుర్చీలోనే కాసేపు కదలకుండా కూర్చుండిపోయింది.

ఆ సాయంత్రం జమ్మలమడుగులో జోరున వాన. బస్సు కదలలేదు.

"నన్ను పులివెందుల డిపోకు వేసినారు. సోమవారం నుంచి ఈ బస్సులో ఉండను" అన్నాడు దేవపాలు, వానను చూస్తూ.

విమల చెప్పాల్సింది చెప్పింది. "నాది పూర్తిగా పోయేది కాదంట. మందులు ఎన్నేండ్లు వాడాల్నో తెలీదు."

"సరే."

"పొద్దున మాత్రేసుకున్నప్పుడు నువ్వే గుర్తొస్తాండావు. సాయంత్రం దాని పని అయిపోయినాక గూడా నువ్వే. డాక్టరమ్మనడిగితే అది మందు పని కాదనింది."

దేవపాలు చెవులు ఎర్రబడ్డాయి. "నా పేరు గూడా చెప్పినావా ఆమెకు?"

"బస్సు టైము గూడా చెప్పినా."

ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక అతను తన తల్లితో విమల వాళ్లింటికి పిల్లనడగడానికి వచ్చాడు. సుందరమ్మ దేన్నీ దాచలేదు.

"నా బిడ్డ నెలనెలా డాక్టరు దగ్గరికి పోవాల నాయనా. తర్వాత తెలీదంటే కుదరదు."

"పులివెందుల నుంచి ప్రొద్దుటూరుకు నేనే పిల్చుకొస్తా అత్తా."

'అత్తా' అన్న ఆ చివరి మాట విని సుందరమ్మ ఇంకేమీ అడగలేదు. లేచి వచ్చి అతని తల మీద చేయి వేసి, కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది.